ఎండు వాగులో సూపర్‌వైజర్

ఒమాన్‌లోని సోహార్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం నాది. సెలవు దొరికే శుక్రవారాలు సైకిల్ మీద చుట్టుపక్కల పల్లెలు తిరుగుతుంటాను. ఒకసారి మా సూపర్‌వైజర్ కొత్త సైకిల్, నల్ల కళ్లద్దాలతో వెంట వచ్చాడు. దారికడ్డంగా ఉన్న ఎండు వాగు ముందు ఒమానీల బళ్లన్నీ ఆగి ఉన్నాయి.

"కొండల్ల వాన పడ్డట్టుంది సార్. మనం గూడ ఆగుదం," అన్నాను.

"ఇంత ఎండలో వరదేంటయ్యా? వీళ్లంతా బద్ధకస్తులు," అంటూ ఆ పెద్దమనిషి వాగులోకి దిగాడు.

సగం దాటాడో లేదో బురదనీళ్లు నడుముదాకా వచ్చిపడ్డాయి. ఒక ఒమానీ తన పికప్‌లోంచి తాడు తీసి విసిరాడు. ఇద్దరం కలిసి లాగాం. సైకిల్ కొట్టుకుపోయింది. ఒడ్డెక్కాక, తాడు విసిరినాయన వైపు చూడనైనా చూడకుండా, "నా సైకిల్ పట్టుకోలేకపోయావా?" అని నన్ను కసిరాడు.

ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లకు ఈ సంఘటన ఆయనే చెబుతాడు. అందులో వాగులో పడింది నేను, లాగింది ఆయన. ఆ ఒమానీ ఊసే ఉండదు. వరద సైకిల్‌ని పట్టుకుపోయింది గానీ, ఆ నోటిని వదిలేసింది.