సగం వంపులో నిలిచే మోకాలు

నా భార్య మోకాళ్లు రెండూ ధనుస్సుల వలె వెలుపలికి వంగిపోయి చాలా ఏండ్లయింది. పాదాలు దగ్గరగా పెట్టి నిలుచున్నా మోకాళ్ల నడుమ చెంబు పట్టేంత ఎడం ఉండేది. నొప్పిని ఆమె ఓర్చుకున్నది. మెట్లెక్కడం మానుకున్నది, నేలమీద కూర్చోవడం మానుకున్నది. వాటిని గురించి ఒక్కనాడూ విచారించలేదు. ఆమె విచారమంతా బతుకమ్మ ఆడే సాయంకాలాన్ని గురించే. జనగామలోని మా వీధిలో ఆడవాళ్లందరూ బతుకమ్మల చుట్టూ తిరుగుతూ పాడుతుంటే, ఆమె ఒక పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండి చప్పట్లు కొట్టేది. పాట ఎత్తుకునేది ఆమె. వలయంలో లేనిదీ ఆమె ఒక్కతే.

మోకాలు మార్పించుకోవడానికి ఆమె ఒప్పుకున్నది అందుకోసమే, భయపడినదీ అందుకోసమే. భూపాలపల్లిలో ఉండే ఆమె చెల్లెలు అంతకుముందే ఒక మోకాలు మార్పించుకున్నది. చూడడానికి ఆ కాలు గీత గీసినట్టు నిటారుగా ఉంటుంది. కాని మెట్టు దిగేటప్పుడు, అడుగు పక్కకు మళ్లించేటప్పుడు, కీలు లోపల ఏదో జారినట్టయి పట్టు తప్పుతుంది. గోడ ఆసరా లేనిదే మా మరదలు నడవదు. “కాలైతే సక్కగైందక్కా, గని దాని మీద నాకు నమ్మకం లేదు” అని ఫోనులో అన్న ఆ మాట నా భార్యను వదలలేదు.

మా ఊరి దవాఖానకు వచ్చే ఎముకల వైద్యుడు నడివయసువాడు, కోస్తా ప్రాంతంవాడు. తుంటి మొదలు చీలమండ దాకా నిలువుగా తీయించిన ఎక్స్‌రే మీద ఆయన ఒక గీత గీసి చూపించారు. తుంటి కీలు నుండి చీలమండకు దిగే ఆ గీత మోకాలి నడిమి గుండా పోవలసినది. నా భార్య కాలిలో అది లోపలి అంచును కూడా దాటి పోతున్నది. ఏండ్ల తరబడి బరువంతా లోపలి సగం మీదనే పడి అక్కడ ఎముకకు ఎముక ఒరుసుకుంటున్నదన్నారు. ఎముకల కొసలను తగిన కోణంలో కోసి లోహపు తొడుగులు అమరిస్తే కాలు చక్కబడుతుంది. అయితే కీలును పట్టి నిలిపేవి ఇరువైపులా ఉన్న లిగమెంట్లు. లోపలి వైపువి బిగుసుకుపోయినవి, వెలుపలివి సాగిపోయినవి. వాటి బిగువును సమం చేయకుండా ఎముకను మాత్రమే దిద్దితే కాలు చూపుకు నిటారుగానే ఉంటుంది. బిగువెక్కువైతే వంగదు, వదులైతే నిలవదు. ఆ మాటకు నా భార్య నావైపు చూసింది. చెల్లెలు తలపుకు వచ్చిందని నాకు తెలిసింది.

“అమ్మా, ఈ కాలితో మీకు అన్నిటికంటే ముఖ్యంగా ఏం చెయ్యాలనుంది?” అని వైద్యుడు అడిగారు.

“బతుకమ్మ ఆడాలె బిడ్డా.”

ఆయన బతుకమ్మను టీవీలో చూశారట, కాని అందులో కాలు చేసే పని ఏమిటో ఎన్నడూ గమనించలేదట. ఒకసారి చూపించమన్నారు. ఆమె లేవబోయి, బల్ల అంచు పట్టుకొని, మళ్లీ కూలబడింది. ఆ ముఖం చూడలేక నేను లేచాను.

జీవితమంతా ప్రబంధాలు బోధించిన నేను, పంచె కుచ్చిళ్లు ఎగదోపి, రోగులు కూర్చునే ఎత్తుపీట చుట్టూ బతుకమ్మ ఆడనారంభించాను. నర్సు ముఖం అటు తిప్పుకున్నది. నడుము వంచి చప్పట్లు కొట్టడం, నిటారై ఒక అడుగు వేయడం, మళ్లీ వంగడం. వీధి అరుగు మీది నుండి ఏటేటా నేను చూసిన ఆట అదే.

“ఎన్నేండ్ల సంది జూస్తున్నరు సారూ, గిదేనా మీరు జూసింది?” అన్నది నా భార్య. ఊరంతా నన్ను సారు అంటుంది. వేళాకోళం చేయదలచినప్పుడు ఆమె కూడా అంటుంది. “నడుము గాదు, మోకాలు వంగాలె. బరువంత ముందటి కాలు మీదేసి, గా సగం వంపుల చప్పట్లు గొట్టి, పక్కకు మలుగుకుంట లేవాలె.”

చీర కుచ్చిళ్ల మాటున మోకాలు వంగే సంగతి దూరాన నిలుచున్న మగవాడికి ఎట్లా తెలుస్తుంది! ఆమె చెప్పినట్టు మళ్లీ చేశాను. వైద్యుడు నవ్వలేదు. కుర్చీ దిగి వచ్చి నా మోకాలి ముందు గొంతుక్కూర్చున్నారు.

“అక్కడ ఆగండి మాస్టారూ.”

చేతులు జోడించిన భంగిమలో, సగం వంగిన కాలి మీద, నేను శిలవలె ఆగిపోయాను. ఆయన నా మోకాలికి ఇరువైపులా వేళ్లుంచి ఆమెకు వివరించారు. పూర్తిగా చాచినప్పుడూ పూర్తిగా మడిచినప్పుడూ పట్టు సరిగా ఉండి, ఈ నడిమి వంపులో మాత్రం వదులయ్యే మార్పిడి మోకాళ్లు కొన్ని ఉంటాయట. ఈ ఆటలో బరువు పడేది సరిగ్గా అక్కడే. ఆమె తన చెల్లెలి మాట ఎత్తితే, తాను చూడని మోకాలిని గురించి ఏమీ చెప్పలేనన్నారు. పడుచుతనంలో కూడా ఈ వంపు కొంత ఉండేదా అని అడిగారు.

“ఉండె. మా అవ్వకు గూడ గిట్లనే ఉండె.”

అట్లయితే ఆ పుట్టు వంపును కొద్దిగా ఉంచేస్తానన్నారు. బద్దలాగా నిటారు చేయాలని పట్టుబడితే లోపలి లిగమెంటును ఎక్కువగా వదులు చేయవలసి వస్తుంది. వంపు కొద్దిగా ఉంచితే రెండు వైపులా తమ సహజమైన బిగువులోనే ఉంటాయి. కాకపోతే కాలు చూడడానికి అంత తిన్నగా కనిపించకపోవచ్చు, ఫరవాలేదా అన్నారు.

“చీర ఉంటది గద బిడ్డా, ఎవలు జూస్తరు? నిలవడితె సాలు.”

ఎండకాలం చివర కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. తరువాతి నెలలు మా ఇద్దరికీ కఠినమైనవి. మడమ కింద తువాలు చుట్ట పెట్టి, మోకాలిని పరుపుకేసి అదిమి కొంతసేపు పట్టి ఉంచాలి. ఎంతసేపన్నది నేను పద్యంతో కొలిచేవాణ్ణి. నేను పద్యం ముగించే దాకా ఆమె కాలు వదలకూడదని ఒప్పందం. కన్నీళ్లు కారుతున్నా మాట తప్పలేదు. నేను సీసం ఎత్తుకుంటే మాత్రం గదమాయించేది: “గంత పొడుగుది వద్దు. కందం సదువుండ్రి.” కొన్ని దినాలు ఆ కన్నీళ్లు చూసి పద్యాన్ని నేనే నడుమ ఆపేవాణ్ణి. అప్పుడు ఆమె నా మోచేయి నిమిరి, కానిమ్మని తల ఊపేది.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటి సాయంకాలం నేను మగవాళ్లతో కలిసి ఒక దుకాణం మెట్ల మీద నిలుచున్నాను. ఆమె పక్కింటావిడ చేయి పట్టుకొని వలయంలోకి నడిచింది. పాట మొదలు కాగానే ఆ చేయి వదిలేసింది. ఎంతమందిలో ఉన్నా, ఓడ వలె అటూ ఇటూ ఊగే నడకను బట్టి దూరం నుండే ఆమెను పోల్చుకోవడం నాకు అలవాటు. ఆనాడు అందరి తలలూ ఒక్కటిగా వంగి లేస్తుంటే, ఆమె ఎక్కడున్నదో నాకు కనబడలేదు. పడిపోయిందేమోనని మెట్లు దిగబోయాను. అంతలో వలయం ఇటు తిరిగింది. గునుగు పూల ధూళి అంటిన చేతులతో ఆమె అందరితో పాటు వంగి, చప్పట్లు కొట్టి, పక్కకు మళ్లి, లేచింది. బరువు ఎడమ కాలి మీదికి వచ్చినప్పుడు పెదవి బిగపట్టింది. కుడి కాలి మీదికి వచ్చినప్పుడు పాడింది.

కొంతసేపటికి చెమటలు కక్కుతూ వచ్చి నా భుజం పట్టుకున్నది.

“నిలవడ్డది,” అన్నది మెల్లగా. ఊపిరి తీసుకొని, “ఎడమదానికి గూడ డాక్టరు సాబును అడుగుండ్రి” అన్నది.

నేను బదులు చెప్పేలోగానే వలయంలో పాట తడబడింది. నా కండువాతో ముఖం తుడుచుకొని, ఎత్తుకోవడానికి ఆమె మళ్లీ వెళ్లిపోయింది.