రెండు వందల పది దినాలు

నాలుగేళ్లుగా ఒక అంకె నా గుండెల మీద కూర్చొని ఉంది. రెండు వందల పది. అన్నం ముందు కూర్చున్నా అదే, మగ్గం శబ్దం విన్నా అదే. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది జమ్మలమడుగు పక్క ఒక నేత ఊరు. నేను ఏడో తరగతితో బడి మానేశాను. లెక్క మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. చీర అంచులో నెమలి రావాలంటే ఎన్ని పోగులు ఎత్తాలో ఎన్ని దించాలో కాగితం లేకుండా చెప్పగలను. మోకాళ్లు అరిగాక మగ్గం గుంటలోకి దిగడం మానేసి, నాలుగు మగ్గాలకు ఈ లెక్కలు చూస్తూ ఇంటి ముందు పంచలో కూర్చుంటున్నాను. అదే పంచలో మధ్యాహ్నం పూట ఐదుగురు ఆడవాళ్లు రాట్నాలు పెట్టుకొని కండెలకు నూలు చుట్టేవాళ్లు. వాళ్లలో నా భార్య ఒకరు. వాళ్ల చేతులకు తీరిక ఉండదు. నా చేతులు ఖాళీ. అందుకని ఫోన్లో వచ్చే సీరియల్ కథలు నేను చదివి వినిపించేవాణ్ణి.

వాటిలో ఒక కథ ఉంది. పాడుబడిన కోటలో మూడు వందల ఏళ్లుగా తిరిగే ఒక రాజు ప్రేతం. ఊరికి కొత్తగా వచ్చిన టీచరమ్మను చూసి, పోయిన జన్మలో నువ్వు నా భార్యవి అంటాడు. అడక్కుండా ఆమె కలలోకి వస్తాడు. ఆమె నిద్రపోతుంటే చూస్తూ నిలబడతాడు. ఆమె ఇంకో మగవాడితో మాట్లాడితే తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. అతను చెయ్యి పట్టుకున్నచోట మణికట్టు మీద నీలం గుర్తు పడుతుంది. అది ఆమెకు తప్ప ఎవరికీ కనపడదు. ఇదంతా ప్రేమ అనే రాసి ఉంది. మేమూ ప్రేమ అనే విన్నాం.

మా పంచలో అతనికి కోటాయన అని పేరు పడింది. "మూడు వందల ఏండ్లు కాచుకున్యాడంట. మా ఆయప్ప బస్టాండు కాడ మూడు నిమిషాలు నిలబడడు" అని ఒకామె తన మొగుణ్ణి గురించి అంటే అందరూ నవ్వారు.

దేవి నవ్వలేదు. దేవి మా పక్కింటివాళ్ల కూతురు. అప్పటికి ఇరవై నాలుగేళ్లు. నన్ను చిన్నాయనా అని పిలుస్తుంది. అక్షరాలు రావు. వేంపల్లెకు ఇచ్చారు. మొగుడు అనుమానం మనిషి, కొట్టేవాడు. ఐదు నెలల ముందే పుట్టింటికి వచ్చేసింది. అతను రోజుకు నలభై సార్లు ఫోన్ చేసేవాడు. వారానికొకసారి వచ్చి, ఏమీ మాట్లాడకుండా వీధికి అవతలి పక్క నిలబడేవాడు. ప్రేమ లేకుంటే ఎందుకు నిలబడతాడని పంచలో అనుకున్నారు. నేను కాదనలేదు.

మొదటి భాగం అరవై అధ్యాయాలు అయిపోయాక రెండో భాగం మొదలైంది. అందులో రాసినామె దారి మార్చింది. నీలం గుర్తు మానదు. మోచేతి దాకా పాకుతుంది. పద్నాలుగో అధ్యాయంలో టీచరమ్మ సంచి సర్దుకొని ఏరు దాటి వెళ్లిపోతుంది. ప్రేతాలు ఏరు దాటలేవు. అంతే.

నేను పొద్దున్నే ముందుగా చదివి పెట్టుకునేవాణ్ణి. ఆ అధ్యాయం కింద జనం రాసిన మాటలు కూడా చదివాను. మా రాజును చెడగొట్టావన్నారు. రెండో భాగం రాయకుండా ఉండాల్సిందన్నారు. లెక్కపెట్టనిదే నాకు మనసు నిలవదు. మొదటి రెండు వందల మందిలో నూట అరవై ఎనిమిది మంది తిట్టారు. ఇంతమంది తప్పంటే తప్పే అనుకున్నాను. పోగు తెగితే అతుకు కనపడకుండా ముడివెయ్యడం మా పని. కథను కూడా అలాగే ముడివేశాను.

ఆ మధ్యాహ్నం నుంచి పదకొండు రోజులు ఫోన్ కళ్ల ముందు పెట్టుకొని, అందులో లేని కథ చదివాను. నా కథలో టీచరమ్మ ఏరు దాటలేదు. కోటలోనే ఉండి ఓర్చుకుంది. ఎన్నాళ్లు ఓర్చుకుంది? అంకె లేకుండా ఒక మాట చెప్పడం నాకు చేతకాదు. ఎదురుగా మగ్గం మీద అంచుకు రెండు వందల పది పోగులు ఉన్నాయి. రెండు వందల పది దినాలు అన్నాను. రెండు వందల పదో దినం అతని మనసు మారింది. గుర్తు మాసిపోయింది.

పదకొండో రోజు అది విని రాట్నాలు ఆగిపోయాయి. ఒకామె కళ్లు తుడుచుకుంది. నిజం చెబుతున్నాను, ఆ పూట నాకు గర్వంగా అనిపించింది.

కొళాయికి నీళ్లు వచ్చాయని మిగతావాళ్లు లేచిపోయారు. దేవి లేవలేదు.

"చిన్నాయనా, ఆయప్ప మారినట్లు నిజంగానే రాసిండారా?"

"ఉండేదే చదువుతాండామ్మా."

"చేతిమింద గుర్తు?"

"పోయింది. ఓర్చుకున్యాది కాబట్టి పోయింది."

ఆమె తల ఊపింది. తరువాతి గురువారం మొగుడి దగ్గరికి వేంపల్లె బస్సెక్కింది. వాళ్లమ్మ ఆపలేదు. నేను వాకిట్లోనే ఉన్నాను. నాలుగు అడుగులు వేసి, అమ్మా దేవీ, అది నేను కల్పించింది అని చెప్పి ఉండవచ్చు. నా పేరు పోతుందని ఆగానా? లేక ఆమె వెళ్లేది కథ వల్ల కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నానా? రెండూ.

ఏడో నెలలో తిరిగి వచ్చింది. కుడి మణికట్టు విరిగి ఉంది. తరువాత అది వంకరగా అతుక్కుంది. బండి మీద నుంచి పడ్డానని ఊరందరికీ చెప్పింది. నాకు మాత్రం వేరుగా చెప్పింది. నన్ను తిట్టడానికి కాదు. తన తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది.

"నూట తొంభైకే వచ్చేద్దామనుకుంటి చిన్నాయనా. ఇంగ ఇరవై దినాలే కదా అని ఉంటి. చెయ్యి ఇరిగింది రెండు వందల మూడో దినం. ఇంగ ఏడు దినాలు ఓర్చుకోనుంటే మారేవాడేమో. నాకే చాతకాలేదు."

నేను ఏం మాట్లాడాను? చెయ్యి నొప్పిగా ఉందా అని అడిగాను.

ఇప్పుడు ఆమె ఎడమ చేత్తో రాట్నం తిప్పుతుంది. ముందు రోజుకు అరవై కండెలు చుట్టేది. ఇప్పుడు ఇరవై రెండు, మంచి రోజున ఇరవై ఐదు. నన్నెవరూ లెక్కపెట్టమనలేదు. పెడుతున్నాను.

ఎందుకు చేశానో ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న జవాబు ఆ నూట అరవై ఎనిమిది మందే. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. పెళ్లయిన మూడో ఏడు నా భార్య నన్ను వదిలి పుట్టింటికి పోయింది. ఎందుకు పోయిందో నాకు తెలుసు. నా చేతికి తెలుసు. పదహారు రోజులకు నేను పోయి పిలుచుకొచ్చాను. ఆ తరువాత మా మధ్య ఆ మాట రాలేదు. పద్నాలుగో అధ్యాయం చదవాల్సిన మధ్యాహ్నం ఆమె నాకు రెండు మూరల దూరంలో కూర్చొని ఉంది. ఆ టీచరమ్మ సంచి సర్దుకుంటుంటే పైకి చదవడానికి నాకు నోరు రాలేదు. కోటాయన మంచివాడు కావడం దేవి కన్నా, ఆ పంచలో వాళ్లందరి కన్నా, నాకే ఎక్కువ అవసరమైంది. నా పరువు నిలబెట్టుకోవడానికి ఒక ఆడపిల్లకు రెండు వందల పది దినాలు శిక్ష వేశాను.

ఇది రాశాక ఛాతీలో కొంత తేలిక తెలుస్తోంది. ఆ తేలిక నాదే. ఆమె చేతికి దానివల్ల ఏమీ కాదు.

అసలు ఉన్నది ఇక్కడ రాసిపెడుతున్నాను. ఆ కథలో దినాల లెక్క ఎక్కడా లేదు. పద్నాలుగో అధ్యాయంలో టీచరమ్మ ఏరు దాటింది. అతను మారలేదు. ఇంకో ఏడు దినాలు ఉన్నా మారేవాడు కాదు.

దేవికి చదవడం రాదు. ఈ కాగితం ఆమె చేతికి పోతే ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఎవరి దగ్గరికి తెస్తుందో నాకు తెలుసు.