పిల్లి అన్న మాట

విరుదునగర్ బస్సులో కూతుర్ని కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని, మారీశ్వరి ఎవరికీ చెప్పుకోలేని మొక్కు మొక్కుకుంది. ఈ ఒక్క పూట నిరోషా నెమ్మదిగా ఉండకూడదు. అరవాలి. తల కొట్టుకోవాలి. పిలిస్తే పలక్కూడదు.

ఏ తల్లీ మొక్కని మొక్కు. కాని నిరోషాకు ఆటిజం ఉందని, ఎంత శాతం ఉందని ఈరోజు క్యాంపులో డాక్టర్లు రాసివ్వాలి. శాతం తక్కువైతే సర్కారు నెలనెలా ఇచ్చే సహాయం రాదు. అది రాకపోతే కోవిల్పట్టిలో మాటలు నేర్పే సెంటరు మాన్పించక తప్పదు.

ఆ సెంటరు కోసమే మారీశ్వరి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ పని మానేసింది. అక్కడ బిడ్డ పక్కన తల్లి కూర్చోవాలి, నేర్పింది చూసి ఇంట్లో మళ్ళీ చేయించాలి. భర్త ముత్తుపాండి ఒక్కడి కూలి మీద ఇల్లు నడుస్తోంది. ఆలంగుళంలో లారీలకు సిమెంటు మూటలెత్తి, బూడిద రంగు రెప్పలతో ఇంటికొచ్చే మనిషి. సెంటరు ఖర్చు గురించి అతను ఏమీ అనడు. అనకపోవడమే ఆమెకు భయం.

అనేది అత్త వెళ్ళైయమ్మాళ్. "మా తమ్ముడు ఏడేండ్లకు గాని నోరు తెరవలే. ఇప్పుడు వాని నోరు మూసేదానికి ఊరంతా చేరినా అయ్యేలేదు. బిడ్డకు మాట రాకుంటే బస్సెక్కించేది ఏంటికే? బస్సు నేర్పిస్తాదా?"

నిద్ర లేకుండా చేయమన్న ఉపాయం గాంధిమతిది. సెంటరుకు ఆమె కూడా కొడుకును తీసుకొస్తుంది. "అక్కా, ఇంట్లో మావాడు గోడలెక్కుతాడు. క్యాంపు పొద్దు మాత్రం చేతులు కట్టుకోని కొత్తల్లుడి మాదిరి కూర్చున్నాడు. శాతం తగ్గించి రాసిరి. నీ బిడ్డను నిద్ర పోనీయొద్దు. చేతిలో ఏమీ పెట్టొద్దు."

నిరోషా చేతిలో ఎప్పుడూ ఉండేది ఒక అగ్గిపెట్టె. నాలుగు కాల్చిన పుల్లలు లోపల వేసి ఇస్తే చెవి దగ్గర ఆడించుకుంటూ ఎంతసేపైనా ఉంటుంది. పొద్దున మారీశ్వరి దాన్ని బియ్యం డబ్బా వెనక దాచిపెట్టింది. బిడ్డ చాపలెత్తి వెతికింది, తల్లి కొంగు విప్పి వెతికింది. బస్టాపు దాకా ఏడుస్తూనే వచ్చింది. మంచిదే అనుకుంది మారీశ్వరి. అనుకున్నాక తన మీద తనకే అసహ్యం వేసింది.

తీరా క్యాంపుకు వచ్చేసరికి అంతా తలకిందులైంది. వరండాలో ఒక గుమాస్తా కాగితాల మీద ముద్రలు వేస్తున్నాడు. టక్, టక్, టక్. నిరోషా ఏడుపు ఆపి, ఆ బల్ల పక్కన నేల మీద కూర్చుని, తల వాల్చి వినసాగింది.

"ఎంత నెమ్మది బిడ్డమ్మా!" అని గుమాస్తా తమిళంలో మెచ్చుకున్నాడు.

లోపల గదిలో పరీక్ష చేసే మేడమ్ చిన్నవయసుది, ఓపికున్న మనిషి. ఇంట్లో సంగతులన్నీ అడిగి రాసుకుంది. తర్వాత బొమ్మల అట్టలు తీసింది. బంతి చూపించి తమిళంలో ఇదేమిటని అడిగింది. నిరోషా చూపు అట్ట మీద లేదు. చెట్టు. గ్లాసు. దేనికీ జవాబు లేదు. మారీశ్వరి ఊపిరి కొంచెం కుదుటపడింది.

నాలుగో అట్ట మీద పిల్లి ఉంది.

"పిల్లి," అంది నిరోషా.

ఇంటి వెనక గోడ మీదికొచ్చే పిల్లిని చూపించి ఏడాదిగా మారీశ్వరి ఎన్నిసార్లు చెప్పిందో ఆ మాట! ఒక్కసారీ అనలేదు బిడ్డ. ఇవాళ, ఇక్కడ అంది.

మేడమ్ తన పక్కనున్న ఇంకో ఉద్యోగినితో, "పిళ్ళై అంటోంది. పూనై చూపిస్తే పిళ్ళై అంటోంది," అంటూ కాగితం మీద అడ్డంగా గీత గీసింది. తమిళంలో పూనై అంటే పిల్లి, పిళ్ళై అంటే పిల్ల. తప్పు జవాబు. తెలుగు మాట అది అని ఆ గదిలో తెలిసింది ఇద్దరికే, తల్లికీ బిడ్డకూ.

తను నోరు మూసుకుంటే చాలు. అబద్ధం ఆడే పని కూడా లేదు.

"పిల్లి," అంది నిరోషా మళ్ళీ. ఈసారి మేడమ్ వైపు కాదు, తల్లి వైపు తిరిగి. బిడ్డ ఏ శబ్దం చేసినా దానికి బదులు చెప్పాలని సెంటరులో నేర్పారు. మారీశ్వరి ఇన్నాళ్ళూ చెబుతూనే వచ్చింది. బదులు రాకపోయేసరికి ఇప్పుడు ఆ చిన్న చెయ్యి నుదురు దాకా లేచింది, కొట్టుకోవడానికి. పొద్దున్నుంచీ తను మొక్కుకున్నది సరిగ్గా దానికే.

"అవునమ్మీ! పిల్లి. పిల్లే అది," అంది మారీశ్వరి, బిడ్డ చెయ్యి పట్టుకుని. ఇంటి బయట ఎన్నడూ ఎత్తని గొంతు అది.

మేడమ్ పెన్ను ఆపింది. "ఏమన్నారు?"

"మా ఇంట్లో తెలుగు మేడమ్. పూనైని మేము పిల్లి అంటాం." మారీశ్వరి తమిళం తడబడింది. "సరిగ్గానే చెప్పింది."

మేడమ్ గీసిన గీతను కొట్టేసి, పక్కన ఏదో రాసింది. ఏం రాసిందో మారీశ్వరికి చదవాలనిపించలేదు. మేడమ్ తర్వాతి అట్టను ఆమె చేతికే ఇచ్చింది. "అయితే మీ భాషలో మీరే అడగండి."

అట్ట మీద కుక్క. మారీశ్వరి దాన్ని బిడ్డ కళ్ళ ముందు పట్టుకుంది. "ఇది ఏందమ్మీ?"

నిరోషా పలకలేదు. కిటికీ వైపు చూసింది. వరండాలో టక్, టక్. చాలాసేపైంది. మేడమ్ "పరవాలేదు" అంటూ అట్ట కోసం చెయ్యి చాపింది.

మారీశ్వరి అట్ట వదల్లేదు.

"ఇంకొంచెం ఆగండి మేడమ్," అంది. "దానికి టైమ్ కావాలి."