ఇల్లె అంటే ఇల్లు కాదు

పక్కింట్లో ఇప్పనూనెలో వెల్లుల్లి వేసి కాస్తున్నారు. కిటికీ మూసినా ఆ వాసన ఆగేది కాదు. ముందు వెల్లుల్లి కమ్మగా వచ్చి ఆకలి పుట్టిస్తుంది, ఆ వెనకాలే ఇప్పగింజల నూనె మాడువాసన, తడిసి ఆరిన గోనెసంచిలో మొహం పెట్టినట్టుగా వచ్చి గొంతులో కూర్చుంటుంది. గోడ మీద నుంచి తొంగి చూసి ఏమిటని అడిగితే ఆ ఇంటి కోడలు గరిటె ఊపుతూ చెప్పింది.

"పిల్లగానికి చెవిపోటు అత్తమ్మా. ఫోన్ల చూపిచ్చిండ్రు, మూడు చుక్కలేస్తే దిగుతదంట."

మామూలుగా అయితే ఇలాంటి చోట నేను ఊరుకునే మనిషిని కాను. ఆ నూనె వేసుకుంటే శబరి నది అడుగున చేపలు పోట్లాడుకునేది కూడా వినబడుతుందని, మా తాత అలా విని వల వేసేవాడని, ఒకసారి చేపలు తనను తిట్టుకోవడం విని మనసు కష్టపడి వేట మానేశాడని చెప్పి ఉండేదాన్ని. ఈసారి మాత్రం గిన్నె దించి పిల్లాణ్ణి ఆస్పత్రికి తీసుకుపొమ్మన్నాను. ఆమె పకపకా నవ్వింది.

"మీ మాట నమ్మాల్నా? మొన్న మొసలొచ్చి మీ బిందె ఎత్తి నెత్తిన పెట్టిందన్నరు!"

మా కొంటా ఊళ్లో నా మాటకున్న విలువ అది. ఎవరూ ఇచ్చింది కాదు, చిన్నప్పటి నుంచి నేనే కష్టపడి సంపాదించుకున్నాను.

అప్పట్లో మా ఇల్లు రోడ్డుకు ఆనుకునే ఉండేది గానీ, ఎవరి మీదో అలిగినట్టు రోడ్డుకు వీపు పెట్టి ఉండేది. వాకిలి వెనక సందులోకి. రోడ్డు వైపంతా ఉత్త మట్టిగోడ, కిటికీ కూడా లేదు. నాన్న లారీ డ్రైవరు. జగదల్‌పూర్‌లో చింతపండో కలపో ఎక్కించుకుని రాజమండ్రి దిక్కుకు పోతూ, ఇరవై రోజులకో నెలకో ఒకసారి ఆ గోడ పక్కనుంచి వెళ్తూ మూడుసార్లు హారన్ కొట్టేవాడు, మూడోది సాగదీసి. లోడు ఉంటే ఆగే వీలు లేదు. చేతిలో ముద్ద పడేసి, వాకిలి దాటి, సందు తిరిగి, బురదలో జారి లేచి మేం రోడ్డెక్కేసరికి, లారీ వెనక దిష్టికి కట్టిన పాత చెప్పు ఊగుతూ పోతుండేది. ఆ వయసులో నాన్న ముఖం కంటే ఆ చెప్పే నాకు బాగా గుర్తు.

నాకు పదేళ్లు, చెల్లి సరోజకు ఆరు. దాని చెవులు చెవులు కావు. లారీలు ఆపి చూసే చెక్‌పోస్టు, నాకా దగ్గర అవి బారులు తీరి ఒకదాని మీద ఒకటి అరుస్తుంటే, వాటిలో నాన్నది ఏదో అదే ముందు పట్టేది. వాన పడే మధ్యాహ్నాలు మేమిద్దరం ఆ గుడ్డి గోడకు చెరో చెవి ఆనించి కూర్చుని, నాయనమ్మ వేయించి ఒళ్లో పోసిన ఇప్పపూలు నములుతూ, అటు పోయేది ఏ బండో చెప్పే ఆట ఆడేవాళ్లం. జీపు, బస్సు, ఖాళీ లారీ, లోడు లారీ. ఏనుగు మీద పోతున్న పోలీసాయన, అని నేను మధ్యలో కలిపేదాన్ని. అది కళ్లు పెద్దవి చేసి, "గంట ఇనపడలేదక్కా?" అని అడిగేది. గంట తీసేశారే, అంటే ఒప్పుకునేది. నేను చెప్పే కోతలన్నీ నమ్మే మనిషి ఈ భూమ్మీద అదొక్కతే.

ఆ వానాకాలం శబరిలో మునిగి వచ్చాక దానికి చెవిపోటు మొదలైంది. వారం తిరిగేసరికి చీము. అప్పటి నుంచి మా ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ ఒక వైద్యుడే. ముందు ఇప్పనూనె, వెల్లుల్లి. తర్వాత నిప్పుల మీద కాల్చిన ఉల్లిపాయ పిండి ఆ రసం. ఆ తర్వాత సందు చివర బాలింత పాలు. కుంపట్లో వాము చల్లి, కిరసనాయిలు పోసే గరాటు బోర్లించి దాని కొసను చెవిలో పెట్టి పొగ పట్టారు. అది ఏడుస్తుంటే కాళ్లు పట్టుకున్నది నేనే. బడి పంతులు ఒకాయన తెల్లటి తీపి గుళికలిచ్చాడు, వాటిని సగం నేను తిన్నాను. రిటైరైన ఫారెస్టు గార్డు ఒకాయన నీళ్ల సీసాకు అయస్కాంతం కట్టి, ఆ నీళ్లు పరగడుపున తాగమన్నాడు. సరోజ ఇక ఇనుప రాయి మోసుకెళ్లే కిరండూల్ రైలు దరిదాపులకు పోతే బోగీకి అతుక్కుని విశాఖపట్నం దాకా పోవలసిందే అని నేను బడంతా చాటాను. పాపం, అది రైలు బొమ్మ ఉన్న పాఠం కూడా తెరవడం మానేసింది.

వాళ్లలో ప్రతి ఒక్కరూ తగ్గుతుందనే అన్నారు. "నా చేతుల పడ్డది గదా, ఇగ చూడు." అందరిదీ ఒకటే మాట.

చివరికి నాయనమ్మ సంతలో ముసలమ్మ దగ్గరికి బయలుదేరదీసింది. కిష్టారం దిక్కు నుంచి వచ్చి, చింతచెట్టు కింద వేళ్లు, తేనె, ఎర్రచీమల పొట్లాలు పెట్టుకుని కూర్చునే కోయ అవ్వ ఆమె. ఆమెకు తెలుగు రాదు. నాయనమ్మ గోదావరి అవతల నుంచి వచ్చి రెండేళ్లే, ఆమెకు తెలుగు తప్ప ఏదీ రాదు. అమ్మ ఇల్లు కదలదు. నేనూ సరోజా కోయ పిల్లలతో కలిసి ఆడేవాళ్లం కాబట్టి ఆ మాట మాకు మా మాటతో పాటే వచ్చింది. అందుకని దుబాసీని నేను. సరోజ నా ఒళ్లో.

సంతంతా చినుకులకు తడిసి, పుట్టగొడుగుల వాసన, వెదురు కొమ్ముల పులుపు, జీలుగు కల్లు కుండల మీద ఈగలు. ముసలమ్మ సరోజ తల అటు తిప్పి ఇటు తిప్పి, చెవి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. తర్వాత నాయనమ్మ ముందు పెట్టిన నాలుగు కోడిగుడ్లనూ ఒక్కొక్కటే తీసి తిరిగి ఆమె బుట్టలో పెట్టేసింది. "ఇల్లె" అంది. చెయ్యెత్తి భద్రాచలం రోడ్డు చూపించి, ఇంకా ఏదో చెప్పి, మళ్లీ తల అడ్డంగా ఊపి "ఇల్లె" అంది.

కోయలో ఇల్లె అంటే లేదు అని. నా దగ్గర దీనికి మందు లేదు, ఆ రోడ్డు పట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి పొండి, ఆలస్యం చేయకండి, అంటోంది ఆమె. ఇప్పటివరకూ నేను చూసిన వైద్యులందరిలో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే.

నాయనమ్మ నా భుజం పట్టి కుదిపింది. "ఏందే, ఇల్లే అంటంది? మన ఇల్లేనా? రోడ్డు చూపిత్తంది ఎందుకే?"

ఆ ఒక్క క్షణంలో నాకు మట్టిగోడ కనిపించింది. ఆ గోడ మధ్యలో తలుపు కనిపించింది. తలుపు తీసుకుని నేను నిలబడితే, చెప్పు కాదు, స్టీరింగు వెనక నాన్న ముఖం కనిపించింది.

"అవ్ నాయనమ్మా," అన్నాను. "ఇల్లే అంట. వాకిలి రోడ్డు దిక్కు పెడితే తగ్గుతదంట."

"చూసినవా, గుడ్లు గూడ తీసుకోలే. ఎంత సత్తెమైన మనిషో!" అని నాయనమ్మ ముసలమ్మకు దండం పెట్టింది. ముసలమ్మ నా వైపు చూసింది. సరోజా నా వైపు చూసింది.

ఇక మందులన్నీ ఆగిపోయాయి. జబ్బు ఇంటిది కదా, పిల్లకు మందెందుకు? గోడ పగలగొట్టడానికి మనిషి దొరకడానికి పది రోజులు, వానకు పగలగొట్టిన చోట గోడ జారి మళ్లీ కట్టడానికి ఇంకో పది. టేకు గుమ్మం ఎత్తి పసుపు పూసేసరికి, కొత్త పంట మొదట తినే కొత్తల పండుగ వచ్చింది. ఈలోగా సరోజ పక్కన పడుకోవాలంటే వాసన. ఆట ఆడదామంటే గోడే లేదు. ఒకరోజు పిలిస్తే పలకలేదు. నాకు భయమేసి అమ్మ దగ్గరికి పోయి చెప్పాను, ముసలమ్మ ఇల్లు అనలేదని, డాక్టరు దగ్గరికి పొమ్మందని.

అమ్మ చేటలోంచి తలెత్తలేదు. "మళ్లీ మొదలుపెట్టినవా కథలు? మొన్ననేమో రైలుకు అతుక్కుంటదంటివి. పో, పొయ్యి చూడు."

రెండోసారి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, తలుపు అప్పటికి సగం అయింది.

నాన్న లారీ వచ్చిన రోజు నేను అనుకున్నట్టే జరిగింది. ఎండ కాసింది. కొత్త గడప మీద సరోజ కూర్చుని చింతగింజలతో ఆడుకుంటోంది, రోడ్డుకు వీపు పెట్టి. నాకా దగ్గర హారన్ మోగింది. ఒకటి. రెండు. మూడోది సాగదీసి. నేను లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి నిలబడ్డాను. అద్దం వెనక నాన్న నవ్వుతున్నాడు, వీపు తిప్పిన ఇంటికి వాకిలి ఎప్పుడొచ్చిందా అని నోరు తెరిచి. ఇంకోసారి హారన్ కొట్టాడు, మా ముందే, చెవులు పగిలేలా. సరోజ గింజలు ఏరుకుంటోంది. లారీ నీడ వచ్చి దాని గింజల మీద పడ్డాక అప్పుడు తల తిప్పింది.

నాన్న నవ్వు ఎలా ఆగిపోయిందో నేను ఆ వాకిట్లోంచి చక్కగా, దగ్గరగా, పూర్తిగా చూశాను. అడిగింది దొరికింది.

లోడు లారీలోనే దాన్ని భద్రాచలం తీసుకుపోయాడు. ఇన్నాళ్లూ ఏం చేశారని డాక్టరు అడిగాడట. తలుపు పెట్టించామని ఎలా చెబుతాడు? చీము తగ్గింది. వినికిడి తిరిగి రాలేదు.

ఆ తలుపు ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు గడపతో సహా ముందు గది పోయింది. సంతలో చింతచెట్టు పోయింది. ముసలమ్మ ఊళ్లో ఇప్పుడెవరూ లేరంటారు, ఎక్కడికి పోయారో చెప్పేవాళ్లూ లేరు. నాయనమ్మ పోయేదాకా ముసలమ్మది గొప్ప చెయ్యి అనీ, మనమే వాకిలి ఆలస్యంగా పెట్టామనీ చెప్పుకునేది. నేను దిద్దలేదు. అందరికీ అన్నీ చెప్పే నేను, ఈ ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు.

సరోజ నాతోనే ఉంటుంది, మిషను కుడుతుంది. ఇవాళ పక్కింటి ఇప్పనూనె వాసనకు అదీ లేచి వచ్చి గోడ దగ్గర నిలబడింది. అది పెదాలు చూసి మాట పడుతుంది కాబట్టి, దాని ముఖం నా వైపు తిప్పుకుని, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. "ఆ రోజు ముసలమ్మ ఇల్లు అనలేదే."

"తెల్సు," అంది.

"తెల్సా?"

"అప్పుడు ఇనపడేది గదక్కా నాకు. లేదనే అంది. నువ్వు ఇల్లు అన్నవ్. నువ్వన్నంక ఇల్లే గావచ్చనుకున్న."

దాని గొంతులో నిష్ఠూరం కోసం వెతికాను, దొరకలేదు. ఉంటే బాగుండేది. అది చేతిలో సూది జాకెట్టుకు గుచ్చుకుని పక్కింటికి నడిచి, ఆ కోడలి ముందు నిలబడి, తన చెవి మీద వేలు పెట్టి చూపించి, పొయ్యి మీంచి గిన్నె దించేసింది. నేను చెబితే నవ్విన ఆ కోడలు, సరోజ నోరు విప్పకుండానే చీర సర్దుకుని ఆటో పిలిచింది.

పిల్లాడు ఎక్కుతూ సరదాగా ఆటో హారన్ నొక్కాడు, సరోజను చూసి. మళ్లీ నొక్కాడు. అది అప్పటికే మిషను ముందు కూర్చుని, రోడ్డుకు వీపు పెట్టి, సూదిలో దారం ఎక్కించుకుంటోంది.