విందు బియ్యం

మా సంఘంలో ఎవరికి ఎంత భక్తి ఉందో నాకు అన్నం తింటే తెలిసిపోయేది. నాన్నగారు రాజోలు దగ్గర ఒక పల్లెలో పాస్టరు. జీతం ఏ రెండు మూడు నెలలకో ఒకసారి వచ్చేది, అదీ కోతలు పోను. మమ్మల్ని బతికించింది గుప్పెడు బియ్యం. ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి, దేవుడి పేరున విడిగా ఒక డబ్బాలో వేస్తుంది. ఆదివారం వాటిని గుడ్డలో మూట కట్టుకొచ్చి, చర్చిలో బల్ల పక్కన పెట్టిన గోనెసంచిలో పోస్తుంది. ఆరాధన అయ్యాక ఆ సంచి మా ఇంటికి వస్తుంది.

ఈ ఏర్పాటు పెట్టిన ఆడవాళ్ళు పరాయి చేలల్లో నాట్లు ఊడ్చి, పంట కోసి, కూలిగా తెచ్చుకున్న గింజల్లోంచి ఆ గుప్పెడు తీశారు. నోటి దగ్గరది తీశారు కాబట్టి అది దేవుడికి చెందింది. వాళ్ళ మనవలు చదువుకున్నారు. ఉద్యోగాలు వచ్చాయి, డాబాలు లేచాయి, గుమ్మాలకు తెరలు వేలాడాయి. గుప్పెడు తీసే అలవాటు మాత్రం పోలేదు. తాము తినే బియ్యంలోంచి తీయడం మానేసి, తినని బియ్యంలోంచి తీయడం మొదలుపెట్టారు, అంతే. ఇంట్లోవాళ్ళకు మసూరి, దేవుడికి కోటా బియ్యం. పురుగు పట్టినవి, తడిసి ముక్కిపోయినవి, కోళ్ళకు వేద్దామని పక్కన పెట్టిన నూకలు, అన్నీ ఆ సంచిలోకే వచ్చేవి. దేవుడికి పళ్ళు లేవనో, ఉన్నా మాట్లాడడనో వాళ్ళ నమ్మకం.

ఆ బియ్యం ఒక గిన్నెలో ఉడకవు. కొత్తవి ముద్దయ్యేసరికి పాతవి ఇంకా పలుకుగానే ఉంటాయి. అందుకని బడి నుంచి రాగానే అమ్మా నేనూ వసారాలో కూర్చుని ఆ పూటకు కావాల్సినంత తీసి జల్లెడ పట్టేవాళ్ళం, చేటలో చెరిగేవాళ్ళం, రాళ్ళు ఏరేవాళ్ళం. ఏ మూట ఎవరిదో ఆదివారం సంచి పక్కన నిలబడి చూసేదాన్ని కాబట్టి నాకు తెలుసు. రాబడిలో దశమభాగం ఇస్తే దేవుడు ఎలా దీవించాడో చర్చిలో అరగంట సాక్ష్యం చెప్పిన ఇంటి మూటే అన్నిటికంటే ఎక్కువ కంపు కొట్టేది. ఈ మాట నాన్నగారితో అంటే, "ఇచ్చింది అనుకోవాలి గాని, ఎలాంటిది ఇచ్చేరు అనుకోకూడదమ్మా" అనేవారు. ఆయన మంచితనం అంటే నాకు ఒళ్ళు మండేది. ఆయన మంచితనానికి రాళ్ళు ఏరేది మేము.

సంఘపెద్ద హైస్కూలు హెడ్మాస్టరు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నున్నగా దువ్విన తెల్ల జుట్టు. చర్చిలో ఫ్యాను తిరుగుతుంటే తల పైకెత్తి దాన్నే చూసేవారు, ఎందుకంటే అది ఆయన ఇచ్చిన ఫ్యాను. కోతల పండగకు చర్చికి కానుకగా వచ్చిన పంటను వేలం వేస్తే, ఆ పాటలో దబ్బకాయను కొబ్బరి గెల ధరకు పాడి, చుట్టూ చూసేవారు. ఆ ఇంటి గుప్పెడు బియ్యం గురించి ఇక్కడ చెప్పను, అన్నం తింటున్నవాళ్ళు ఎవరైనా ఇది చదవొచ్చు.

ఒక ఏడు క్రిస్మస్ ఆరాధనలో ఆయన లేచారు. పెద్దబ్బాయికి బ్యాంకులో ఉద్యోగం వచ్చిందనీ, ఆ కృతజ్ఞతగా వచ్చే కోతల పండగలో సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు బియ్యం మొత్తం తానే ఇస్తాననీ ప్రకటించారు. చప్పట్లు మోగాయి. నాన్నగారు ఆ కుటుంబం కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ప్రకటనల్లో ఆ బియ్యం మాట ఒకసారి వచ్చేది. ఇవ్వని బియ్యానికి అన్ని వందనాలు అందుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

పండగ రేపనగా ఆయన మా ఇంటికి వచ్చారు. మిల్లు దగ్గర ఆలస్యం అయిందన్నారు. వసారా మూలనున్న మా బస్తా వైపు చూశారు. కోతల రోజుల్లో అందరి ఇళ్ళల్లోనూ గింజ ఉంటుంది కాబట్టి గుప్పెడు కాస్త పెద్దదవుతుంది. ఎండాకాలం వచ్చేసరికి అది చిటికెడుకు దిగుతుంది. ఆ సంగతి తెలిసి అమ్మ రెండు నెలలుగా మా కడుపులు కాస్త కట్టి ఆ బస్తా నింపింది. ఎండాకాలం వెళ్ళేదాకా మాకున్న తిండి అదే.

"రేపటి విందుకు ఈ బియ్యం వాడెయ్యండి అయ్యగారూ. వారం తిరక్కుండా బస్తా ధాన్యం పంపిస్తాను" అన్నారు.

అమ్మ తలుపు వెనక నుంచి నాన్నగారి వైపు చూసింది. నేనూ చూశాను. నాన్నగారు ఆ బస్తా వైపు కూడా చూడలేదు.

"ఆయ్, అలాగేనండి మాస్టారు" అన్నారు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారు. ఇక్కడ అత్త కూడా నవ్వుతూ తాళంచెవి ఇచ్చింది. ఆ సాయంత్రం నాకు ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ అసహ్యం వేసిందో చెప్పలేను. తనది కానిది ఇచ్చి పేరు కొట్టేసేవాడి మీదా, పెళ్ళాం పిల్లల నోటి దగ్గరది ఇచ్చి పుణ్యం అనుకునేవాడి మీదా?

ఆయన వెళ్ళాక నేను జల్లెడ తెచ్చాను. ఇన్నాళ్ళూ ఒక్క పూట కూడా ఏరకుండా వండని మా అమ్మ, జల్లెడ నా చేతిలోంచి తీసుకుని గోడకు తగిలించింది.

"వద్దులే. వాళ్ళు ఎలా ఇచ్చేరో అలాగే వండుదాం" అంది.

మర్నాడు చర్చి ముందు కొబ్బరాకుల పందిట్లో విందు. అమలాపురం నుంచి వచ్చిన పెద్దపాస్టరుగారు, అంటే నాన్నగారి పైఅధికారి, ముందు వరసలో కూర్చున్నారు, పక్కన హెడ్మాస్టరుగారు. మొదట ఆ బియ్యం ఇచ్చిన దాత కోసం ప్రార్థన జరిగింది. తర్వాత ఆకుల్లో అన్నం పడింది. సగం జావ, సగం పలుకు, నడుమ నల్లటి గింజలు. తొలి ముద్ద నోట్లో పెట్టుకోగానే అందరూ కూర గొప్పగా ఉందని మెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇంట్లో చిన్న రాయి తగిలితే భార్య మీద పళ్ళెం విసిరే మనుషులు, ఆ రోజు రాళ్ళు నాలుకతో పక్కకు తోసి, గుటుక్కున మింగారు. తాము పోసిన బియ్యాన్ని తాము గుర్తుపట్టారో లేదో నాకు తెలీదు. ఎప్పుడూ తిననిదాన్ని ఎలా గుర్తుపడతారు? నేను మాత్రం అన్నం బొచ్చె పట్టుకుని వరసల వెంట తిరిగి, ఇంకాస్త, ఇంకాస్త అని కొసరి కొసరి వడ్డించాను. నా జీవితంలో అంత సంతోషంగా చేసిన సేవ మరొకటి లేదు.

పెద్దపాస్టరుగారికి పన్ను కింద రాయి పటుక్కుమంది. ఆయన చెంప పట్టుకుని, ఇవి ఏ బియ్యమని మెల్లగా అడిగారు. నాన్నగారు తల దించుకున్నారు. హెడ్మాస్టరుగారే జవాబు చెప్పారు. బియ్యం మంచివేననీ, పాపం అమ్మగారికి ఇంతమందికి వండే అలవాటు లేక ఎసరు తేడా వచ్చిందనీ అన్నారు. అమ్మ పప్పుచారు వడ్డిస్తూ ఆ మాట వింది. ఆకులో చారు పోసి ముందుకు వెళ్ళిపోయింది.

వారం తిరిగింది. రెండు వారాలు తిరిగాయి. ధాన్యం రాలేదు. కొత్తగా వచ్చే గుప్పెళ్ళు పొద్దుటి పూటకే సరిపోయేవి. రాత్రికి గంజి. తమ్ముడు గిన్నె అడుగున వేలుపెట్టి గింజల కోసం వెతుక్కునేవాడు. నాన్నగారు ఆకలి లేదనీ, ఉపవాస ప్రార్థనలో ఉన్నాననీ చెప్పి తన గంజి వాడి గిన్నెలో పోసేవారు. ఆ ఒక్క పని కూడా నాకు నచ్చలేదు. అడగాల్సిన చోట అడగలేక ఇంట్లో త్యాగం చేసేవాళ్ళను ఇప్పటికీ నేను మెచ్చుకోలేను.

మూడో వారంలో హెడ్మాస్టరుగారు వచ్చారు. ధాన్యం తేలేదు, ఫిర్యాదు తెచ్చారు. విందులో సంఘం పరువు పోయిందట. ఎండాకాలంలో బదిలీల మీటింగు ఉందనీ, పెద్దపాస్టరుగారు తన అభిప్రాయం అడిగారనీ, ఇకనుంచి అమ్మగారు కాస్త జాగ్రత్తగా ఉంటే బాగుంటుందనీ అన్నారు. నాన్నగారు అన్నిటికీ ఆయ్, ఆయ్ అంటూ కూర్చున్నారు. చివరికి గొంతు సవరించుకుని, నేల చూస్తూ అన్నారు.

"మాస్టారు, ఆ ధాన్యం ఇంకా రాలేదండి."

హెడ్మాస్టరుగారికి కోపం రాలేదు. బాధ కలిగింది. ఒక పాస్టరు నోట అలాంటి మాట విన్నందుకు ఆయన మొహంలో నిజంగానే జాలి కనపడింది.

"నేను ఇస్తానన్నది దేవుడికి కదండీ అయ్యగారూ. మీకు కాదు కదా" అన్నారు.

అమ్మ తలుపు వెనక నుంచి ఇవతలకు వచ్చింది. తల మీద కొంగు సవరించుకుంది. గొంతు పెంచలేదు.

"దేవుడికీ ఇంకా అందలేదండి మాస్టారుగారూ. అంది ఉంటే ఆయన మాకు పెట్టేవారు" అంది.

హెడ్మాస్టరుగారు కండువా దులుపుకుని లేచారు. ప్రార్థన చేయకుండా ఆయన మా ఇంట్లోంచి వెళ్ళడం అదే మొదటిసారి. మా బదిలీ ఖాయమైపోయిందని ముగ్గురికీ తెలుసు. నాన్నగారు అమ్మను కేకలేస్తారని నేను ఎదురుచూశాను. కేకలేస్తే ఏమనాలో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్నగారు కుర్చీలోంచి లేచి ఆ గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి వెళ్ళకుండా అక్కడే నిలబడ్డారు.

"ఆ మాట నేను అనాల్సింది. ఆ బస్తా అడిగిన రోజునే" అన్నారు.

అమ్మ వెనక్కి తిరగలేదు. "ఆయ్, మీరే అనాల్సిందండి" అంది.