ఆగు మేస్త్రి బండి

మా నాన్న మోటారు సైకిళ్ళ మేస్త్రి. ఎంత మొండికేసిన బండైనా ఆయన చెయ్యి పడితే ఒక్క కిక్కుకు స్టార్టయ్యేది. ఆయన సొంత బండి స్టార్టు కావాలంటే మాత్రం ఇంటిల్లిపాదీ కదిలి రావలసిందే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందని అమ్మ రోజూ అనేది. నాన్నకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

ఆ బండి మా ముందు గదిలో కాపురం ఉండేది. వీధి ఇరుకు, వాన పడితే జల్లు నేరుగా గుమ్మంలోకి కొడుతుంది కాబట్టి దాన్ని లోపల పెట్టడమే న్యాయమని నాన్న వాదన. నిజానికి ఆ గదిని అమ్మ కుట్టుమిషనుకు ఇస్తానని పెళ్ళయిన కొత్తలోనే మాట ఇచ్చాడు. అమ్మ గుర్తు చేసినప్పుడల్లా "ఆగు, చూద్దాం" అనేవాడు. దుకాణంలో తొందరపెట్టిన ప్రతివాడికీ ఇదే జవాబు. అందుకే వీధిలో ఆయన పేరు ఆగు మేస్త్రి అయింది. అమ్మ మిషను మాత్రం వంటింట్లో, గిన్నెల అలమరకూ నీళ్ళ డ్రమ్ముకూ మధ్య ఇరుక్కుపోయింది. కొత్త బట్టలకు ఉల్లిపాయల వాసన వస్తోందని మనుషులు మొహమాటపడుతూ చెప్పేవారు. అమ్మ మొహమాటం లేకుండా ఆ మాటను నాన్నకు చేరవేసేది.

ప్రతి ఉదయం ఎవరి పని వారికి ఉండేది. అన్నయ్య బండిని ఎడమవైపు వంచి పట్టుకోవాలి. చోక్ విరిగిపోయింది కాబట్టి అమ్మ గాలి పోయే దారిని అరచేత్తో మూయాలి. తాళంచెవి జారిపోతుందట, దాన్ని నేను వేలితో నొక్కి పట్టుకోవాలి. స్టూలు ఎక్కితే తప్ప తాళం అందని వయసు నుంచి ఆ ఉద్యోగం నాదే. మేము ముగ్గురం ఇలా బందీలుగా నిలబడితే, నాన్న పెట్రోలు ట్యాప్ తిప్పి, భుజం మీది గుడ్డతో ట్యాంకు తుడవడం మొదలుపెట్టేవాడు. నిమ్మకు నీరెత్తినట్టు తుడిచేవాడు. తుడుస్తూ అన్నయ్యను లెక్కల పరీక్ష ఏమైందని అడిగేవాడు. అమ్మను, నిన్న కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయని అడిగేవాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అమ్మ అరిస్తే, అయితే త్వరగా చెప్పమనేవాడు. అన్నయ్య పరీక్ష తప్పిన సంగతి అక్కడే బయటపడింది. నర్సు చదువు నాకు వద్దని, జనం ఎలా బతుకుతున్నారో ఇంటింటికీ తిరిగి అడిగి తెలుసుకునే చదువు కావాలని నేను చెప్పిందీ అక్కడే. నాన్న తుడవడం ఆపకుండా, "అడిగితే చెబుతారంటావా?" అన్నాడు.

అంతా విన్నాక ఒక్క కిక్కు కొట్టేవాడు. బండి స్టార్టయ్యేది. ఇంత ఆర్భాటమూ చేసి ఎక్కిన మనిషి ఆ బండిని నత్తలా నడిపేవాడు. కూరగాయల తోపుడుబండి కూడా ఆయన్ని దాటిపోయేది. వెనక కూర్చుని బజారుకు వెళ్ళడం కంటే నడిచి వెళ్ళి, తిరిగి రావడం సులువని అమ్మ అభిప్రాయం. బండిని ప్రేమించడమంటే దాని మాట వినడమని నాన్న అభిప్రాయం. ఇంట్లో ఇంకెవరి మాటా వినని మనిషి ఈ మాట అనడం అమ్మకు బొత్తిగా మింగుడుపడేది కాదు.

పోయిన వానల్లో, దుకాణంలో మధ్యాహ్నం చేతులు కడుక్కుంటూ నాన్న కుప్పకూలిపోయాడు, మళ్ళీ లేవలేదు. డాక్టరు గుండె అన్నాడు. బండి ముందు గదిలో అలాగే ఉండిపోయింది. చలికాలం వెళ్ళాక అమ్మకు ఒక ఆసుపత్రి నుంచి తెరలు కుట్టే పని వచ్చింది. గది గదికీ, మంచం మంచానికీ తెరలు. అంత గుడ్డ పరచడానికి వంటింట్లో చోటు లేదు. ఆ వారంలో పని మొదలుపెట్టకపోతే వేరొకరికి ఇచ్చేస్తామని వాళ్ళు చెప్పారు. బండిని ఫొటో స్టూడియో నడిపే కుర్రాయన కొంటానన్నాడు. పాత బళ్ళంటే ఆయనకు ప్రాణం, కొత్తగా పెళ్ళి కూడా అయింది. తన కళ్ళ ముందు స్టార్టు చేసి చూపిస్తే ఆదివారమే తీసుకువెళతానన్నాడు.

ముందుగా మేమే ప్రయత్నించి చూశాం, బండి స్టార్టు కాలేదు. వంచాం, మూశాం, నొక్కాం. అన్నయ్య కాలి పిక్క పట్టేసేదాకా కిక్కు కొట్టాడు. అమ్మ తన తమ్ముడికి ఫోను చేసింది. మా మామయ్య పక్క ఊరి బస్సు డిపోలో మెకానిక్. ఆదివారం వస్తాను, అంతవరకు దాని జోలికి పోవద్దు అన్నాడు.

నేను ఊరుకోలేకపోయాను. నాన్న ఏం చేసేవాడో అమ్మనూ అన్నయ్యనూ విడివిడిగా, ఒకరి మాట ఒకరికి వినబడకుండా, కుర్చీలో కూర్చోబెట్టి అడిగాను. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడగడమే ఉద్యోగమైన నాకు ఇంతకంటే నిరాశ కలిగించిన ఇల్లు మరొకటి లేదు. బండిని కొద్దిగా వంచాలని అన్నయ్య, నేలకు తాకేంతగా వంచేవాడని అమ్మ. ముందు ట్యాపా, ముందు తాళమా అంటే ఇద్దరికీ తెలియదు. నాన్న తానుగా ఏం చేసేవాడని అడిగితే మాత్రం ఇద్దరూ ఒకే జవాబు ఇచ్చారు. ఏమీ చేసేవాడు కాదు, ట్యాంకు తుడుస్తూ మన ప్రాణం తీసేవాడు.

ఆదివారం మామయ్య బస్సు దిగకముందే స్టూడియో ఆయన వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు విప్పి మరీ బండి దగ్గరికి వచ్చాడు. మేము ముగ్గురం మా స్థానాల్లో నిలబడ్డాం. ఆయన ట్యాపు తిప్పీ తిప్పగానే కిక్కు కొట్టాడు. ఒకసారి, మరోసారి. బండి దగ్గనైనా దగ్గలేదు.

"ఒరేయ్, ఇంకాస్త వంచు" అంది అమ్మ.

"ఇంకా వంచితే పడుకుంటుంది. నువ్వే సరిగ్గా మూయడం లేదు."

"నా చెయ్యేం పెరిగిందా తరిగిందా? నీకు అమ్మడం ఇష్టం లేదు. అందుకే చేతులు ఆడటం లేదు."

అన్నయ్య బండిని వదల్లేదు. తల మాత్రం పక్కకు తిప్పుకున్నాడు. "నాన్న పోయి ఏడాదన్నా కాలేదు. అప్పుడే నీకు గది కావలసి వచ్చిందా?"

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. అరచెయ్యి కూడా తియ్యలేదు. నేను తాళంచెవి మీది వేలు కదపలేదు. స్టూడియో ఆయన గోడ మీది కాలెండరు చదువుతున్నట్టు నటించాడు.

"మీ నాన్న ఉన్నప్పుడే కావాలిరా నాకు" అంది అమ్మ చివరికి. "అప్పుడే ఇచ్చి ఉంటే, ఇప్పుడు నీ నోటితో ఈ మాట పడేదాన్నా?"

 గదిలో ఉండటమే ఇబ్బందిగా మారిన స్టూడియో ఆయన, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, కాలు ఎత్తి ఒక్క కిక్కు కొట్టాడు. బండి స్టార్టయింది.

ఆ మోతకే వీధి చివరి నుంచి మామయ్య గబగబా నడుచుకుంటూ వచ్చాడు. సంచి గుమ్మంలో పడేసి, ఇంజను ఆపించి, ట్యాపు దగ్గర గొట్టం ఊడదీసి చూశాడు. మా చేతుల వైపు ఒకసారి చూశాడు.

"మీరు ముగ్గురూ దాన్నెందుకు పట్టుకున్నారు?"

చెప్పాం. ఆయన తాళం తిప్పి వదిలేశాడు. అది జారలేదు. చోక్ మీట కదిపి చూపించాడు. అది పనిచేస్తోంది. వంచడం సంగతి అడగనే వద్దన్నాడు. ట్యాపు లోపల జల్లెడలా ఉండే జాలీ మూసుకుపోయి పెట్రోలు చుక్కచుక్కగా దిగుతోందట. ట్యాపు తిప్పి, అది కిందికి దిగేదాకా కాసేపు ఊరికే నిలబడితే చాలట. జోరుగా నడిపితే అందదు, నెమ్మదిగా నడిపితే సరిపోతుంది.

"బాగుచేయడం ఎంతసేపు?" అని అడిగాను.

"జాలీ కడిగేంతసేపు."

"మీ బావకు తెలియదంటావా?" అంది అమ్మ.

"బావకా? ఊరివాళ్ళ ట్యాపులన్నీ కడిగింది ఎవరక్కా?"

అమ్మ తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. తరవాత తిట్టడం మొదలుపెట్టింది. నేను విన్నవాటిలో అంత సుదీర్ఘమైనది మరొకటి లేదు. మాడిన పాలన్నీ అందులోకి వచ్చాయి. పిల్లల సంగతులు కావాలంటే కుర్చీ వేసి కూర్చోబెట్టి అడగవచ్చు కదా, మనిషినని కూడా చూడకుండా నన్ను స్తంభంలా నిలబెడతాడా అంది. కుర్చీ వేసి కూర్చోబెట్టి నేను రాబట్టింది ఎంతో నాకు తెలుసు కాబట్టి ఆ ప్రశ్న మీద వ్యాఖ్యానించలేదు.

స్టూడియో ఆయనకు ముచ్చటేసింది. "ఇలాగే ఇచ్చేయండి అమ్మగారూ. నేనూ కాసేపు ఆగుతాను" అన్నాడు.

"వద్దు నాయనా. తమ్ముడూ, ఆ జాలీ కడుగు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, దానికెందుకు ఈ ఖర్మ?"

మామయ్య కడిగాడు. బండి ఒక్క కిక్కుకు స్టార్టయి, నాన్న ఏనాడూ నడపనంత జోరుగా సందు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. నేల మీద నల్లటి నూనె మరక మిగిలింది. అమ్మ దాన్ని సోడాపొడితో రుద్దింది, పోలేదు, ఇంకొన్ని తిట్టి దాని పక్కనే మిషను పెట్టించింది.

మర్నాడు ఉదయం అన్నయ్య పనికి బయలుదేరుతుంటే అమ్మ ఆపింది. ఆసుపత్రి గుడ్డ తానును గది పొడవునా విప్పింది. నేలకు తగలకుండా ఒక కొన అన్నయ్యను పట్టుకోమంది, ఒక కొన నన్ను. వంటింట్లో ఇన్నేళ్ళూ అమ్మ ఒంటరిగానే గుడ్డ కత్తిరించేది. గుడ్డ కదలకుండా కొనల మీద బరువుగా పెట్టుకునే ఇనుప ముక్కలు, నాన్న దుకాణం నుంచి తెచ్చి ఇచ్చినవే, కిటికీలో వరసగా కనబడుతున్నాయి. ఆ విషయం చెప్పబోయాను. అమ్మ నా వైపు చూసింది. నా కొన గట్టిగా పట్టుకున్నాను.

"ఎంతసేపమ్మా? ఆలస్యమవుతోంది" అన్నాడు అన్నయ్య.

అమ్మ కత్తెర పట్టుకోలేదు. చీర కొంగుతో గుడ్డ మీద లేని దుమ్మును నెమ్మదిగా తుడిచింది.

"ఇప్పుడు చెప్పు. ఈ గది నాకివ్వడానికి నీకెందుకు మనసు రాలేదు?"

అన్నయ్య గుమ్మం వైపు చూశాడు, చేతిలోని కొన వైపు చూశాడు. వదిలేస్తే ఆసుపత్రి గుడ్డంతా ఆ మరక మీద పడుతుంది.