పాత ల్యాప్‌టాప్‌లో చెల్లె ముఖం

మొన్న ఆదివారం మధ్యాహ్నం మంచిర్యాలలోని మా వీధిలో ఎక్కడో తీగ తెగి ఇంటర్నెట్ ఆగిపోతే, అంతవరకూ ఒకరి ముఖం ఒకరు ఎరుగనివాళ్లు కూడా గేట్ల దగ్గరికి వచ్చి, మీకు వస్తోందా, మీకు వస్తోందా అని పలకరించుకోవడం చూశాను. ఎదురింటి కోడలైతే పొయ్యి మీద ఎసరు పెట్టి మరీ బయటికి వచ్చి, నెట్ లేకపోతే ఏమీ తోచడం లేదని వాపోయింది. నాకు లోలోపల నవ్వొచ్చిన మాట నిజమే గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. అదే నెట్ కోసం మా ఇల్లంతా దేవులాడిన రోజులు గుర్తుకొచ్చి, లోపలికి వచ్చి ఊరికే కూర్చుండిపోయాను. నా ఈడు వాళ్లు, ముఖ్యంగా గోదావరిఖని క్వార్టర్లలో బతికినవాళ్లు, నేను చెప్పబోయేది నమ్ముతారు. మిగతావాళ్లు నమ్మకపోయినా నాకేం చింత లేదు.

అప్పుడు నేను అక్కడి మిషన్ బడిలో టీచర్ని, మా ఆయన భూగర్భ బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. గని అని రాస్తున్నాను గానీ మా దగ్గర ఎవరూ అలా అనరు, బాయి అంటారు. బాయి దిగాడు, బాయి ఎక్కాడు అనే ఆ రెండు మాటల మధ్యే మా ఆడవాళ్ల ప్రాణాలన్నీ వేలాడుతుండేవి. మా వైపు కన్నతల్లిని అవ్వ అని పిలుస్తాం. నాన్న పోయాక మా అవ్వ మా దగ్గరే ఉండేది. ఆమెకు చెవులు ఏనాడో పోయాయి, పక్కన బాంబు పేలినా తిరిగి చూసేది కాదు, కానీ కళ్లు మాత్రం చురుకు, వాకిట్లో ఎవరి కోడి ఎవరి ఇంట్లోకి దూరిందో మంచం మీది నుంచే చెప్పేది. అటువంటి మనిషి స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని మంచాన పడింది. ఈ వయసులో అతుకుతుందని గానీ, ఎన్నాళ్లుంటుందని గానీ మేమేమీ చెప్పలేమని డాక్టర్లు చేతులెత్తేశారు.

పడిన నాటి నుంచి అవ్వకు ఒకటే పలవరింత, చిన్నది ఏది, చిన్నది ఏది అని. చిన్నది అంటే మా చెల్లె. గల్ఫ్‌లో నర్సు పని చేసేది, ఎండాకాలం దాకా సెలవు లేదు, పాస్‌పోర్టేమో ఆసుపత్రి వాళ్ల చేతుల్లో ఉంది. చెల్లె ఫోన్ చేస్తే అవ్వ చెవికి ఆనించేదాన్ని, ఆమె కాసేపు ఓపిగ్గా పట్టుకుని, "ఏమంటాంది? నాకేం వినబడ్తలేదు" అని తిరిగి నా చేతికిచ్చేది. బాగుంది, తిన్నది, నిన్ను అడిగింది అని నేను చేతులతో సైగలు చేస్తే, నేనేదో దాస్తున్నానన్నట్టు నా ముఖంలోకి చూసేది. ఒక పూట తింటే రెండు పూటలు మానేసేది. వినలేని మనిషికి ముఖం చూపిస్తే తప్ప నమ్మకం కుదరదని మాకు అర్థమైంది. ఇక అక్కడి నుంచి చెల్లె ముఖం అవ్వకు ఎలా చూపించాలన్నదే నాకూ మా ఆయనకూ వేరే ఆలోచన లేని పని అయిపోయింది.

ఇప్పుడైతే జేబులోంచి ఫోన్ తీసినంత సులువు. అప్పట్లో మా ఫోన్లు మాట్లాడటానికి తప్ప మరి దేనికీ పనికొచ్చేవి కావు. పై క్వార్టర్‌లో ఉండే పెద్దాయన, మేం కాక అంటాం, పదవీ విరమణ చేసిన మనిషి, తన కూతురి చదువు కోసం కొత్తగా నెట్ పెట్టించుకున్నాడు, వాళ్ల కంప్యూటర్‌కు కెమెరా లేదు, మంచం మీది అవ్వను మెట్లెక్కించే దారీ లేదు. మా దగ్గరున్నది ఎవరో వాడి వదిలేసిన పాత ల్యాప్‌టాప్. దానికి కెమెరా ఉంది గానీ నెట్ వైరు గుచ్చే చోటు విరిగిపోయింది, పైగా వైరస్ పట్టి తెరుచుకోవడమే మానేసింది. మా ఆయన ఒక కంప్యూటర్ పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలోంచి లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. ఇది ఎవరి సొత్తూ కాదట, ప్రపంచంలో ఎవరెవరో కలిసి తయారుచేసి ఊరికే ఇస్తారట అని నాకు చెబుతుంటే, ఆ ముఖంలో పండగ కనిపించింది.

ల్యాప్‌టాప్‌కు ప్రాణమైతే వచ్చింది, వైరు లేకుండా కాక ఇంటి నెట్‌ను అందుకోవాల్సిన, లోపలున్న వైర్‌లెస్ కార్డు మాత్రం ఉలకదు, పలకదు. దాన్ని తయారుచేసిన వాళ్లు దాని తాలూకు ఒక ఫైలును అందరికీ పంచి పెట్టనివ్వలేదు కాబట్టి సీడీలో అది లేదట, నెట్‌లోంచి దించుకోవాలట. మా ఆయన తల పట్టుకుని, "నెట్ రావాలంటే ఆ ఫైలు కావాలె, ఆ ఫైలు కావాలంటే నెట్ రావాలె, గిదేం లొల్లి" అన్నాడు. కాక కూతురు చదువుకునే కంప్యూటర్‌ను రోజూ అడగాలంటే మాకు మొహమాటం. అందుకని షిఫ్టు దిగి రావడం, స్నానం చేయడం, చౌరస్తా దగ్గరి నెట్ సెంటర్‌కు పోయి పెన్‌డ్రైవ్‌లో ఏదో ఒకటి ఎక్కించుకు రావడం, అది పనికిరాకపోవడం, మర్నాడు మళ్లీ పోవడం. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం, అందుకని బడి నుంచి నేనూ వెంట పోయి, ఏ దేశం వాళ్లో రాసిన జవాబులు చదివి చెబితే, వాటిని పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసుకునేవాడు. ఇంటికొచ్చి నల్లటి తెర మీద ఆ ఆదేశాలు ఒక్కో అక్షరమే కొడుతూ, "ఇది మన బాయి లెక్కనే ఉన్నది, ఎవని లైటు వాడే పట్టుకొని పోవాలె" అని తనలో తాను నవ్వుకునేవాడు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు, అవ్వ కంచం వైపే చూస్తుండేదాన్ని.

ఒక వెబ్‌సైట్‌లో మా కష్టం వివరంగా రాసి అడిగితే ఎవరో ఒకాయన, ముందు ల్యాప్‌టాప్ అంచున వైర్‌లెస్ స్విచ్చు ఉంటుంది, అది వేసి ఉందా చూసుకోండి అని జవాబిచ్చాడు. మా ఆయనకు ఎంత పౌరుషం వచ్చిందో! "ఇన్నేండ్ల సంది కరెంటు పని చేస్తున్న, స్విచ్చు ఏసినవా అని నన్నే అడుగుతడా?" అని నెట్ సెంటర్‌లోంచి లేచి బయటికి నడిచాడు. నిజానికి అప్పుడు ఆ స్విచ్చు వేసే ఉంది, లోపం ఫైలులోనే ఉంది. ఆ సరైన ఫైలు చివరికి ఒక గురువారం సాయంత్రం దొరికింది. తెర మూలన కాక ఇంటి నెట్ పేరు కనిపించగానే మా ఆయన నన్ను కేకేసి పిలిచి వేలితో చూపించాడు. నేను ప్రభువుకు స్తోత్రం చెప్పుకుని వెంటనే చెల్లెకు ఫోన్ చేశాను. మర్నాడు శుక్రవారం వాళ్లకు సెలవు, పొద్దుటి ప్రార్థన అయ్యాక తను అక్కడి నెట్ సెంటర్‌లో కూర్చుంటానంది. ఆ శుక్రవారం దాటితే మళ్లీ కుదరదు, మర్నాడే తనను ఎక్కడో దూరాన ఉన్న చిన్న ఆసుపత్రికి పంపేస్తున్నారు, అక్కడ నెట్ సెంటర్లు లేవు.

మా ఆయన అలవాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. బాయిలో ఏ యంత్రం మీద చేయి వేయాలన్నా ముందు దానికి కరెంటు వచ్చే దారులన్నీ మూసి, పని జరుగుతోందని బోర్డు తగిలిస్తారు. ఎవరు మూశారో మళ్లీ వాళ్లే తెరవాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఒక ప్రాణం పోవచ్చు. ఈయన ఇంట్లో బల్బు మార్చినా అదే చట్టం, ఫ్యూజు పీకి జేబులో వేసుకుని బజారుకు పోయిన రోజులున్నాయి, మేమంతా విసనకర్రలు పట్టుకుని కూర్చునేవాళ్లం. ఆయన ఆపిన స్విచ్చును ఆయన వేసేదాకా మేము వేలితో కూడా తాకేవాళ్లం కాదు.

ఆ శుక్రవారం పొద్దున, ల్యాప్‌టాప్ వేడెక్కి మధ్యలో ఆగిపోతే ఎట్లా అని ఆయనకు అనుమానం వచ్చింది. మా క్వార్టర్లలో బొగ్గు దుమ్ము సంగతి మీకు తెలియంది కాదు, అన్నం కంచంలో కూడా పడేది, ఇక ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను ఒక లెక్కా. అలవాటు ప్రకారం బ్యాటరీ తీశాడు, అంచున ఉన్న ఆ చిన్న స్విచ్చును గోటితో పక్కకు జరిపాడు, వెనక మూత విప్పి బ్రష్‌తో శుభ్రం చేశాడు. మూత బిగిస్తుండగానే, మొదటి షిఫ్టు ఎలక్ట్రీషియన్ రాలేదు, లోపల పంపు ఆగింది, వెంటనే డ్యూటీకి రావాలని మనిషి వచ్చాడు. బ్యాటరీ పెట్టేసి, అంతా అయిపోయింది, నువ్వు ఆన్ చేస్తే చాలు అని నాకు చెప్పి, ఆదరాబాదరాగా పోయాడు.

నేను అవ్వకు తల దువ్వి, తెల్ల చీర మార్చి, దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. చిన్నది కనబడుతుందని సైగ చేస్తే ఎన్నాళ్లకో ఆమె ముఖం వికసించింది. ల్యాప్‌టాప్ తెరుచుకుంది గానీ తెర మూలన ఏ పేరూ లేదు. క్యాలెండర్ కాగితాలు ముందు పెట్టుకుని అందులో ఉన్నవన్నీ కొట్టాను, కార్డు ఉందనే అంటుంది, నెట్ లేదంటుంది. అంచున ఒక చిన్న ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, పొద్దున ఆయన జరిపిన స్విచ్చు దాని పక్కనే ఉంది. నెట్ సెంటర్‌లో చదివిన స్విచ్చు ఇదేనని ఆ గాబరాలో నాకు తట్టలేదు, పైగా ఆయన ఆపింది కాబట్టి ముట్టుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. అవ్వేమో తెర వైపు చూస్తూ, "అచ్చిందా?" అని అడుగుతూనే ఉంది. అవతల చెల్లె ఫోన్ చేసి, "అక్కా, కనబడ్తలేవు, ఇక్కడ నా ఎనక లైనున్నది" అని గాబరా పడుతోంది. ఒకరికి వినబడదు, ఒకరికి కనబడదు, మధ్యలో నాకు చేతకాదు.

నా గొంతు విని కాక మెట్లు దిగి వచ్చాడు. ఆయనకూ ఏమీ తోచక, "నేను బాయికాడికి పోయి పిల్చుకస్త, ఫికర్ చెయ్యకు బిడ్డా" అని చెప్పులు వేసుకున్నాడు. వద్దు కాకా అన్నాను. ఎందుకన్నానో మా వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బాయిలోకి సెల్‌ఫోన్లు తీసుకుపోనివ్వరు, పై ఆఫీసు నుంచి లోపలికి ఒక టెలిఫోన్ ఉంటుంది. దాని మీద ఇంటి కబురు పోయిందంటే అది చావు కబురే, వేరే దేనికీ పంపరు. "వదినె మంచిగనే ఉన్నదని చెప్త తియ్యి" అంటూనే కాక స్కూటర్ ఎక్కాడు.

కాక చెప్పే ఉంటాడు, అబద్ధమాడే మనిషి కాదు. కానీ ఆఫీసు వాళ్లు టెలిఫోన్‌లో ఇంటి నుంచి కబురొచ్చింది, పైకి రమ్మన్నారని మాత్రమే అన్నారట. మంచాన పడిన ముసలామె ఇంట్లో ఉందని ఆ షిఫ్టులో అందరికీ తెలుసు. ఇంకేం కావాలి. కాసేపటికి మా గేటు ముందు స్కూటర్లు, సైకిళ్లు వరసగా ఆగాయి. బొగ్గు మసి ముఖాలతో, తలల మీది టోపీలు కూడా తీయకుండా మా ఆయనా, ఆయన వెనక జట్టు వాళ్లూ లోపలికి వచ్చారు. వాళ్లను చూసి చుట్టుపక్కల ఆడవాళ్లు గుమిగూడారు, ఒకామె గేటు దగ్గరే శోకం మొదలుపెట్టింది. లోపల అవ్వ తల దువ్వుకుని దిండ్లకు ఆనుకుని కూర్చుని, అందరినీ సంతోషంగా చూసి, "గింతమంది అచ్చిన్రు, చాయ పెట్టరాదే" అంది.

మా ఆయన గోడ పట్టుకుని నిలబడిపోయాడు. నా మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఊపిరి లేదు ఆయనకు. నేను ల్యాప్‌టాప్ వైపు చూపించాను. ఒంగి ఒక్క చూపు చూసి, తన తల మీద తనే కొట్టుకుని, నల్లటి వేలితో ఆ స్విచ్చును జరిపాడు. ఎర్ర దీపం నీలంగా మారింది, తెర మూలన పేరు వచ్చింది, కొంచెం సేపట్లో చెల్లె ముఖం వచ్చింది.

చెల్లెకు కనిపించిందేమిటో ఆ గొడవలో మేమెవరం ఆలోచించలేదు. అవ్వ మంచం చుట్టూ బాయి బట్టల్లో మగవాళ్లు, అప్పుడు తీసిన టోపీలు చేత్తో పట్టుకుని, సిగ్గుతో తలలు వంచుకుని. కాలనీలో పుట్టి పెరిగిన పిల్లకు ఆ దృశ్యానికి ఒకటే అర్థం. అవ్వా అని కేక పెట్టి రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. చూడు, అవ్వ ఉంది, కూర్చుంది చూడు అని మేమంతా ఒక్కసారి అరుస్తుంటే ఆ అరుపులే దానికి ఏడుపుల్లా వినబడి ఉంటాయి. అవ్వ ముందుకు ఒంగి, "ఎందుకేడుస్తున్నవే, నేనున్న గద" అంటూ కొంగుతో తెర తుడవసాగింది. చెల్లె చేతులు తీసి చూసిందో, చూడబోయిందో, అంతలో బొమ్మ కదలకుండా ఆగిపోయింది. నోరు తెరిచి, కళ్ల నిండా నీళ్లతో ఉన్న ముఖం అలాగే నిలిచిపోయింది. మా ఆయన ఏవేవో మీటలు నొక్కాడు, కాక పైకి పరుగెత్తి నెట్ డబ్బా ఆపి మళ్లీ పెట్టి వచ్చాడు, చెల్లె నంబరు కలవలేదు. మేమెంత చేసినా ఆ ముఖం కదలలేదు. అవ్వ దాన్ని తుడుస్తూనే ఉంది, ఎంత తుడిచినా అది ఏడుపు ఆపడం లేదు. ఆఖరికి మా ఆయనే ఆ చేతిని మెల్లగా పట్టుకుని మూత వేశాడు.

చెల్లెకు ఆ సాయంత్రం ఫోన్‌లో అంతా చెప్పాను, నవ్వింది కూడా. నవ్వింది అవ్వా అని సైగ చేస్తే అవ్వ నమ్మలేదు. ఆనాటి నుంచి చిన్నది ఏది అని అడగడం మానేసి, "ఏడుపాపిందా?" అని అడగడం మొదలుపెట్టింది. నేను రోజూ నవ్వు ముఖం పెట్టి చూపించేదాన్ని, నా ముఖం వైపు చూసి అటు తిరిగి పడుకునేది. ఎండాకాలం రాకముందే పోయింది.

ఇప్పుడు ఆ బాయి మూతపడింది. క్వార్టర్లు సగం ఖాళీ. చావు కబుర్లు ఫోన్లలోనే తిరుగుతున్నాయి, అందరూ దండం పెట్టే బొమ్మలు పంపి ఊరుకుంటున్నారు, మసి ముఖంతో గేటు దాకా పరుగెత్తుకొచ్చేవాళ్లు లేరు. చెల్లె కొలువు ముగించుకుని వచ్చి నస్పూర్‌లో ఇల్లు కట్టుకుంది. ఇంత దగ్గరున్నా రోజూ పొద్దున వీడియో కాల్ చేస్తుంది, కూర ఏమిటని అడుగుతుంది, అద్దం పట్టినట్టు కనిపిస్తుంది, చీటికీ మాటికీ నవ్వుతుంది. మా ఆయన మాత్రం అది నవ్వడం మొదలుపెట్టగానే ఏదో పని గుర్తొచ్చినట్టు పెరట్లోకి పోతాడు. నేను పోను, చూస్తూ కూర్చుంటాను. ఇంత నవ్వే మనిషి ముఖాన్ని మా అవ్వ ఆఖరిసారి చూసినప్పుడు అది ఏడుస్తూనే ఉంది.